సైకిలు కడుపులో సముద్రం

అనగనగా సముద్రాన్ని ఆనుకుని ఒక ఊళ్ళో, ఎంత ఊడ్చినా ఇసక పోని ఒక ఇంట్లో, నూకరత్నం అని చేపలమ్ముకునే ఒకావిడ ఉండేది. కాళ్ళు ముడుచుకో అమ్మడూ, దుప్పటంతా నువ్వే లాక్కుంటే నేనేం కప్పుకోను? ఆఁ, అలా. ఇప్పుడు ఊఁ కొట్టు.

నూకరత్నానికి ఒక సైకిలు ఉండేది. అల్లాటప్పా సైకిలు కాదు, నల్లటి ఉక్కు సైకిలు, మధ్యలో అడ్డకడ్డీ ఉన్న పెద్ద సైకిలు. చీర కుచ్చెళ్ళు ఎగదోపి ఎక్కిందంటే ఇక ఆవిణ్ణి ఆపేవాడు లేడు.

పొద్దున్నే రేవులో చేపలు కొనేది. బుట్టలో ఐసు ముక్కలు పరిచి, చేపలు పేర్చి, వెనక క్యారియర్ మీద కట్టేది. ఆ తర్వాత బయల్దేరేది. ఊరు దాటగానే పెద్ద దిబ్బ. దిబ్బకి అవతల పల్లెలు. ఆ దిగుడు ఉందే, నిట్టనిలువు! బ్రేకులు పట్టుకుని, గ్రామదేవతని తలుచుకుని, జుయ్యిమని దిగాల్సిందే.

ఆ ఊళ్ళో చేపలమ్ముకునే ఆడవాళ్ళందరూ అలాగే దిగేవాళ్ళు. సింహాలు అని ఒక పడుచుపిల్ల ఉండేది, కొత్తగా తల్లయింది. ఆ పిల్లయితే వెనక చేపల బుట్ట, ముందు అడ్డకడ్డీ మీద తువ్వాలు చుట్టి పసిదాన్ని కూర్చోబెట్టుకుని దిగేది. పసిది చప్పట్లు కొట్టేది. ఏం గుండెలో ఆ తల్లీకూతుళ్ళవి!

నూకరత్నం దగ్గర వాళ్ళ నాన్న ఎల్లాజీ ఉండేవాడు. ఎల్లాజీ అంటే ఒకప్పుడు ఆ తీరమంతా పేరు. చెక్క పడవల పలకల మధ్య సందులుంటాయి కదా, వాటిలో దూది కూరి, గుగ్గిలం నూనెలో కాచి, పైన పూసేవాడు. ఆయన పూస్తే చుక్క నీరు లోపలికి రాదు. "ఎల్లాజీ పూసేడా? అయితే పడవలో పడుకుని నిద్దరోవచ్చు" అనేవాళ్ళు.

ఆ తర్వాత ఫైబరు పడవలు వచ్చాయి. వాటికి సందులూ లేవు, దూదీ అక్కర్లేదు. ఎల్లాజీ వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. చూపు కూడా మసకేసింది. కానీ జీవితమంతా పని చేసిన చేతులు ఊరికే ఉంటాయా? ఉండవు. అవీ ఇవీ తడిమి తడిమి, చివరికి కూతురి సైకిలు తడమడం మొదలుపెట్టాడు.

అప్పుడు ఆయన వేలికి ఒక బెజ్జం తగిలింది. పెడళ్ళు తిరిగే ఇరుసు ఉంటుంది చూడు, దాని గూటికి సరిగ్గా అడుగున. చిటికెన వేలి గోరు పట్టేంత ఉంటుంది, అంతే.

"అమ్మీ! నీ సైకిలికి కన్నముందే!" అని కేకేశాడు ఎల్లాజీ. "కన్నమున్న పడవెక్కుతారేటి ఎవరైనా?"

అది దసరా ముందు. ఊళ్ళో అందరూ సైకిళ్ళు కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి పూజ చేసుకునే రోజులు. ఎల్లాజీ అటక మీంచి పాత డబ్బా దింపించాడు. గుగ్గిలం కాచాడు. బెజ్జంలో దూది కూరాడు, పైన గుగ్గిలం పూశాడు, బొటనవేలితో నున్నగా రుద్దాడు. అంతటితో ఊరుకున్నాడా? వెనక చక్రం వైపు సన్న గొట్టాల చివర్లలో ఉన్న చిన్న చిన్న బెజ్జాలు కూడా వెతికి మరీ పూడ్చాడు.

నూకరత్నం మురిసిపోయి నలుగురికీ చూపించింది. అప్పుడు పక్కింటి కొర్లమ్మ తన సైకిలు తెచ్చింది. ఆ తర్వాత ఎదురింటి దేముడమ్మ తెచ్చింది. ఆ తర్వాత సింహాలు తెచ్చింది. పండగ వెళ్ళేసరికి ఊళ్ళో చేపలమ్మే ఆడవాళ్ళ సైకిళ్ళన్నీ ఎల్లాజీ చేతిలో పడి లేచాయి. అందరికీ ఊరికే చేసిపెట్టాడు. ఆ పండక్కి ఆయన మొహం చూసి తీరాలి అమ్మడూ, పెళ్ళికొడుకు కూడా అంత వెలగడు.

పడవల వాళ్ళు కదా, బెజ్జం కనబడితే పూడ్చే దాకా వాళ్ళకి నిద్ర పట్టదు. అసలా బెజ్జం అక్కడ ఎందుకుందని మాత్రం ఒక్కరూ అడగలేదు. నన్నడిగినా చెప్పేదాన్ని!

అప్పటి నుంచి ప్రతి సాయంత్రం ఎల్లాజీకి ఒక అలవాటు. కూతురు రాగానే సైకిలు పక్కన చతికిలబడి, ఆ పూడ్చిన చోట బొటనవేలు రాసి, "చుక్క నీరు పోదు" అనేవాడు. ఆ మాట అన్నాకే అన్నానికి లేచేవాడు.

ఇలా కొన్నాళ్ళు గడిచింది. అప్పుడు ఒకరోజు నూకరత్నం సైకిలెత్తి గడప దాటిస్తుంటే లోపల గలగలమంది. డబ్బాలో కందిపప్పు ఆడించినట్టు. "ఇసకేదో దూరుంటుంది" అనుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఇంకోరోజు సైకిలు గోడకి ఆనిస్తుంటే, సీటు కిందనించి టీ డికాషన్ రంగు నీళ్ళు కారి చీర అంచు మీద పడ్డాయి. "రొయ్యల నీరై ఉంటుంది" అనుకుని చీర ఉతుక్కుంది.

ఆ తర్వాత మరో రోజు పెడళ్ళ దగ్గర పెయింటు అప్పడం పొంగినట్టు పొంగింది. గోటితో గీకితే పెళ్ళగిలి వచ్చేసింది. కింద ఎర్రటి పొడి. ఇక సాకు చెప్పుకోడానికి ఏమీ దొరకలేదు నూకరత్నానికి.

దిబ్బ అవతల గంగరాజు సైకిలు షాపు ఉంది. నూకరత్నం చేపలమ్మేసి, సైకిలు అక్కడికి నడిపించుకెళ్ళింది. గంగరాజు సీటు వదులు చేసి లాగాడు, రాలేదు. కిరసనాయిలు పోసి, కాసేపు ఆగి, అటూ ఇటూ మెలితిప్పి లాగాడు. అప్పుడు కిర్రుమని ఊడొచ్చింది. సైకిలు బోర్లా తిప్పాడు. ఏం చెప్పను అమ్మడూ! సీటు గొట్టంలోంచి ఎర్రటి నీళ్ళు బుడబుడమని పోశాయి. వాటితో పాటు తుప్పు పెచ్చులు, ఉల్లిపొట్టంత పెచ్చులు, రాలాయి.

"సముద్రాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నావేటక్కా?" అన్నాడు గంగరాజు.

టార్చిలైటు వేసి గొట్టం లోపల చూపించాడు. బయట నల్లగా నిగనిగలాడే సైకిలు, లోపలంతా ఎర్రగా పుండులా ఉంది. పైన పటారం, లోన లొటారం అంటారే, అదన్నమాట.

అప్పుడు గంగరాజు చెప్పాడు. సీటు కడ్డీ గొట్టంలోకి దిగే చోట వెనకవైపు ఒక చీలిక ఉంటుంది. బుట్టలో ఐసు కరిగి, ఉప్పునీరు బొట్టు బొట్టుగా సరిగ్గా ఆ చీలికలోకే పడుతుంది. వాన పడితే వాన నీరూ అంతే, కడిగితే కడిగిన నీరూ అంతే. పైనుంచి వచ్చిన నీరు కిందికి జారి, అడుగు బెజ్జంలోంచి బయటికి పోవాలి. అందుకే ఆ బెజ్జం పెట్టారు. అది పూడ్చేస్తే నీళ్ళు ఎక్కడికి పోతాయి? లోపలే కూర్చుని ఇనుమునే తింటాయి.

"ఎవరక్కా ఇది మూసింది? ఉండు, తీసేస్తాను" అని మేకు పట్టుకున్నాడు గంగరాజు.

నూకరత్నం గబుక్కున అతని చెయ్యి పట్టుకుంది. "ముట్టుకోకు బాబూ. అదలాగే ఉండాలి" అంది.

ఎందుకో తెలుసా? సాయంత్రం అయ్య బొటనవేలు అక్కడికే వస్తుంది. అక్కడ బెజ్జం తగిలితే ఆయనేమైపోతాడు? ఊళ్ళో ఆయన చేతికి మిగిలిన పనే అది. అది కూడా తప్పయిపోతే ఇక గుమ్మంలోంచి లేవడని నూకరత్నం భయం. నాన్నంటే అంత ప్రేమ దానికి. ప్రేమ ఎక్కువైతే బుద్ధి తక్కువవుతుందని ఊరికే అన్నారా?

అందుకని నూకరత్నం ఒక ఎత్తు వేసింది. వారం వారం దిబ్బ అవతలే, ఎవరూ చూడకుండా, సీటు పీకేది. సైకిలు బోర్లా తిప్పి నీళ్ళు వంపేది. ఎండలో ఆరబెట్టేది. సీటు మళ్ళీ పెట్టేది. "నా సైకిలు నేను చూసుకోలేనా?" అనుకునేది. చూసుకోగలదు, చేతనైనదే. కానీ మిగతా వాళ్ళ సైకిళ్ళో?

రోజూ దిబ్బ దిగేటప్పుడు ముందు సింహాలు వెళ్ళేది. అడ్డకడ్డీ మీద పసిది చప్పట్లు కొట్టేది. వెనక నూకరత్నం రెండు బ్రేకులూ బిగబట్టుకుని ఆ పసిదాన్నే చూసేది. చెబితే నాన్న పరువు పోతుంది, చెప్పకపోతే ఎవరి ప్రాణం మీదికొస్తుందో. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఒకరోజు ఉండబట్టలేక, "సింహాలూ, పసిగుంటని ఇంట్లో వదిలేసి రారాదేటే?" అంది.

"మీ అయ్య పూసిన సైకిలు కదప్పా, నాకు బయమేటి?" అని నవ్వింది సింహాలు.

ఆ పూట నూకరత్నం ఒక్క చేప కూడా గట్టిగా అరిచి అమ్మలేదు.

ఊఁ కొడుతున్నావా? కొట్టు, కొట్టు. అసలు కథ ఇప్పుడే.

అప్పుడు ఒకనాటి ఉదయం రేవులో వలలనిండా కానాగంత చేపలు పడ్డాయి. బుట్టలు నిండుగా కట్టుకున్నారు అందరూ. కొర్లమ్మ అందరికంటే ముందు పెడలు మీద కాలేసి ఎక్కింది. ఫట్ మంది. పెడళ్ళ మొదట్లో గొట్టం విరిగి సైకిలు రెండుగా మడత పడింది. కొర్లమ్మ ఇసకలో పడింది, చేపలు కొర్లమ్మ మీద పడ్డాయి, కాకులు చేపల మీద పడ్డాయి. అందరూ ఫక్కున నవ్వారు. కొర్లమ్మ కూడా నవ్వింది. ఆ తర్వాత విరిగిన సైకిలు చూసుకుని ఏడ్చింది. ఏడవదా మరి, ఇల్లు గడిచేదే దాని మీద.

"పాత సైకిలు, ఎన్నాళ్ళు మోస్తాది" అంది దేముడమ్మ.

నూకరత్నం వంగి విరిగిన చోట చూసింది. గొట్టం కాగితమంత పలచగా ఉంది. లోపలంతా ఎరుపు. ఇదే ఆ దిగుడులో విరిగి ఉంటేనో? తల ఎత్తేసరికి సింహాలు పసిదాన్ని అడ్డకడ్డీ మీద కూర్చోబెడుతోంది.

నూకరత్నం పరుగెత్తుకెళ్ళి పసిదాన్ని ఎత్తి చంకనేసుకుంది. హ్యాండిల్ పట్టుకుంది.

"ఈయేల ఎవరూ దిబ్బ దిగొద్దు" అంది.

"ఏటి? ఎందుకు? సేపలు కుళ్ళిపోవేటి?" అన్నారందరూ.

"మా అయ్యొచ్చి సెప్తాడు" అంది నూకరత్నం. అనేసింది! నోట్లోంచి మాట వచ్చేశాక ఇక వెనక్కి తీసుకోవడమెలా? పసిదాన్ని తల్లి చేతికిచ్చి, తన సైకిలు తోసుకుంటూ ఇంటికి నడిచింది. దారి పొడుగునా ఎలా చెప్పాలో కూర్చుకుంది. గుమ్మం చేరేసరికి అన్నీ మరిచిపోయింది.

ఎల్లాజీ వల చిక్కు విప్పుతున్నాడు. నూకరత్నం ఉన్నదున్నట్టు చెప్పేసింది. గంగరాజు షాపు, ఎర్రనీళ్ళు, కొర్లమ్మ పడిపోవడం, సింహాలు పసిది, అన్నీ. ఎల్లాజీ చేతిలో వల ఆగిపోయింది.

"సైకిలిటు తే" అన్నాడు.

తెచ్చింది. ఆయన చెక్కసుత్తి తీసి, చెవి ఆనించి, గొట్టాల మీద మెల్లగా కొట్టుకుంటూ వచ్చాడు. పడవ పలక పుచ్చిందో లేదో ఆయన అలాగే కనిపెట్టేవాడు. పై కడ్డీ ఖంగుమంది. ముందు గొట్టం ఖంగుమంది. సీటు గొట్టం అడుగుకి వచ్చేసరికి మొద్దుగా పలికింది. ఎల్లాజీ అక్కడే ఆగాడు.

"గట్టెక్కించిన పడవకి ముందేటి సేస్తామే?" అని అడిగాడు.

"అడుగునున్న బిరడా పీకుతాం అయ్యా, వాననీరు పోవాలి కదా" అంది నూకరత్నం.

"మరి సైకిలెప్పుడైనా గట్టు దిగి నీట్లోకి పోయిందా? పుట్టిన కాడ్నించి గట్టు మీదే ఉంటాది. దానికి బిరడా కొట్టేసేను నేను" అన్నాడు ఎల్లాజీ. అని చెక్కసుత్తి కింద పెట్టాడు. ఆ తర్వాత, "నీకు తెలిసి ఎన్నాళ్ళయింది?" అన్నాడు.

"వానలకి ముందు నించీ తెలుసు."

"నాకెందుకు సెప్పలేదు?"

"నీ మొహం సూసి, సెప్పలేకపోయేను అయ్యా."

అప్పుడు ఎల్లాజీకి కోపం వచ్చింది. జీవితంలో కూతురి మీద ఎప్పుడూ అంత కోపం రాలేదాయనకి. "నా ముసలి మొహం కోసం ఆ పసిగుంటని రోజూ దిబ్బ మీంచి దించేవా?" అన్నాడు.

నూకరత్నం తల వంచుకుంది. ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా. ఎల్లాజీ ఓదార్చలేదు. లేచి, గోతాలు కుట్టే దబ్బనం తీసుకున్నాడు.

"నువ్వుండయ్యా, నేనెళ్ళి తీసేస్తాను. షాపోడు సెప్పేడంటాను, నీ పేరెందుకు?" అంది కూతురు.

"మూసింది నా సెయ్యి. తీసేదీ అదే. పద" అన్నాడు.

రేవులో ఆడవాళ్ళందరూ కాచుకుని ఉన్నారు. ఎల్లాజీ కూతురి భుజం పట్టుకుని నడిచొచ్చాడు. తల వంచుకోలేదు సుమా. ఇసకలో నిలబడి, అందరికీ వినబడేలా, "అమ్మల్లారా, మీ సైకిళ్ళకి నేను మూసిన బెజ్జాలు మూయకూడనివి. నీరు పోయే దారి మూసేసేను. లోపల తుప్పు తినేస్తంది. తప్పు నాది" అన్నాడు.

ముందు కొర్లమ్మ దగ్గరికి వెళ్ళాడు. విరిగిన గొట్టం తడిమి చూశాడు. కొర్లమ్మ మొహం తిప్పేసుకుంది. ఆ తర్వాత దేముడమ్మ సైకిలు దగ్గర కూర్చున్నాడు. దేముడమ్మ నోరు నీకు తెలీదు, ఆ నోటికి అలలు కూడా వెనక్కి పోతాయి. తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. ఎల్లాజీ అన్నీ వింటూనే దబ్బనంతో గుగ్గిలం పెకలించి దూది లాగాడు. ఆ తర్వాత సింహాలు సైకిలు. దూది ఇలా లాగాడో లేదో, ఎర్రనీళ్ళు ధారకట్టి ఆయన కాళ్ళ మీద పడ్డాయి. సింహాలు పసిదాన్ని గట్టిగా పొదువుకుంది.

అలా ఒక్కొక్క సైకిలూ తీశాడు. ఒక్క బెజ్జం కూడా వదలలేదు. ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చుని, "ఇంక నా సేతికి ఎవరూ ఏదీ ఇవ్వరే" అన్నాడు. అన్నం వద్దన్నాడు.

నూకరత్నం ఊరుకునే రకమా? కన్నీళ్ళు తుడుచుకుని, తన సైకిలు తెచ్చి ఆయన ముందు బోర్లా పడేసింది. "ఎవరూ ఇవ్వకపోతే ఏటి, నేనిస్తన్నాను. పడవ అడుక్కి పూసే నూనె ఉందా? ఇనుముక్కూడా పనికొస్తాదేటి?" అంది.

ఎల్లాజీ ఆలోచించాడు. సొరచేప నూనె ఉంది. పడవ చెక్కకి పూస్తే పొరలా పట్టి నీటిని అంటనివ్వదు. లంగరు గొలుసులకి కూడా ఆయన అదే పూసేవాడు. సరేనని లేచాడు.

సీటు పీకారు. లోపల రాలిందంతా దులిపారు. సైకిలు ఎండలో వేడెక్కేదాకా ఆరబెట్టారు. ఆ తర్వాత నూనె గోరువెచ్చగా కాచి గొట్టాల్లో పోశారు. తండ్రి ఒక కొసా, కూతురు ఒక కొసా పట్టుకుని, పసిపిల్లని ఊయల ఊపినట్టు సైకిల్ని అటూ ఇటూ వంచి తిప్పారు, నూనె మూలమూలకీ పట్టాలని. ఎక్కువైన నూనె అడుగు బెజ్జంలోంచి కారిపోయింది. ఆ తర్వాత పాత ట్యూబు ముక్క కోసి, సీటు చీలిక మీద కడియంలా తొడిగారు. పైనుంచి రాకుండా ఒక అడ్డు, వచ్చినా పోవడానికి ఒక దారి. అంతే అమ్మడూ, ఇనుముకి కావలసింది అదే. కంపు మాత్రం అడక్కు! పిల్లులు నాలుగు వీధుల నించీ వచ్చాయి, ఊరంతటికీ సంగతి తెలిసిపోయింది.

మర్నాడు పొద్దున్న ఎల్లాజీ తలుపు తీశాడు. వాకిట్లో ఎవరో నిలబడ్డారు. మసక కళ్ళు కదా, ఎవరో తెలియలేదు. తగువుకొచ్చారేమో అనుకున్నాడు.

"ఎంత సేపు నిలబడమంటావు మావా? నాకేటి పన్లేదనుకున్నావా? పొయ్యి ఆ నూనె" అంది దేముడమ్మ. తిట్టిన నోరే అది! ఆవిడ వెనక సింహాలు, ఆ వెనక ఇంకా చాలామంది, సీట్లు పీకేసిన సైకిళ్ళతో ఉన్నారు. ఎల్లాజీ నూనె డబ్బా అందుకున్నాడు. ఒక్కొక్క సైకిలూ కొట్టి చూశాడు, పోశాడు, తిప్పాడు. రెండు మూడింటికి గొట్టం పలచబడిందని చెప్పి, ముందు గంగరాజు దగ్గర అతికించుకోమని పంపాడు.

కొర్లమ్మ మాత్రం ఆ రోజు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఎల్లాజీ అడగలేదు గానీ, ఎవరి అడుగు చప్పుడైనా తల ఎత్తేవాడు.

ఆ తర్వాత ఒక ఉదయం కొర్లమ్మ వచ్చింది. చేపల బుట్ట నెత్తిన ఉంది. సైకిలు చేతిలో ఉంది. విరిగిన చోట గంగరాజు ఇత్తడి పోసి అతికించాడు.

"గట్టిగా ఉంది, ఎక్కీ అన్నాడు గంగరాజు. నేనెక్కనన్నాను" అంది కొర్లమ్మ. "నువ్విని సెప్పాలి మావా. నువ్వెక్కమంటే ఎక్కుతాను."

ఎల్లాజీ చెక్కసుత్తి తీసి, అతుకు మీద చెవి ఆనించి కొట్టాడు. ఖంగుమంది. కాస్త కిందికి కొట్టాడు. ఖంగుమంది. ఇంకా కిందికి, పెడళ్ళ మొదట్లో కొట్టాడు. గుళ్ళో గంట పలికినట్టు పలికింది.

"ఎక్కు తల్లీ" అన్నాడు.

కొర్లమ్మ బుట్ట క్యారియర్ మీద కట్టి, ఎక్కి, దిబ్బ వైపు వెళ్ళిపోయింది. ఎల్లాజీకి కొంత దూరం దాకానే మనిషి కనబడింది. అయినా చెవి అటే పెట్టుకుని నిలబడ్డాడు. చాలాసేపటికి దిబ్బ అవతలనించి, దిగుడు దిగిపోయిన చోటునించి, కొర్లమ్మ సైకిలు బెల్లు వినబడింది. ట్రింగ్ ట్రింగ్ మని. అప్పుడు లోపలికొచ్చి, "అమ్మీ, అన్నం పెట్టు" అన్నాడు.

అదే కథ. కళ్ళు మూతలు పడుతున్నాయే! రేపు నీ సైకిలు కూడా ఎత్తి ఆడించి చూద్దాం, గలగలమంటుందేమో. ఇప్పుడు మాత్రం,

నూనె గొట్టంలోకి, నీళ్ళు ఇసకలోకి,
చేపలు పల్లెల్లోకి, బెల్లు చెవుల్లోకి,
కథేమో కంచిలోకి, మనమేమో దుప్పట్లోకి!